పదకొండేళ్ల ఖాళీ

చర్చి వెనకగదిలో ఇరవయ్యేళ్లుగా బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ ఖననాలూ నమోదు చేస్తున్న ఆమెను అందరూ రిజిస్టరమ్మ అనే పిలిచేవారు. బిడ్డ పేరులో ఒక్క ఒత్తు తేడా వచ్చినా తండ్రిని మళ్లీ పిలిపించేది. అంతటి మనిషి ఒక పెద్ద తప్పు చేసింది, అదీ గౌరవం కొద్దీ.

ముప్పై రోజుల్లో చర్చి విడిచి వెళ్లమని బిషప్ కార్యాలయం ఫాదర్‌కు ఉత్తరం రాసింది. కారణం చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా. విచారణ గురువుగా, అంటే చర్చికీ దాని కిందున్న ఊళ్లకీ పూర్తి పెద్దగా, నియమితుడైన వాణ్ణి సంజాయిషీ అడగకుండా కదపకూడదు. సహాయ గురువు ఆయన చేతికింద పనిచేస్తాడు. ఈ ఇద్దరికీ నడుమ నిర్వాహక గురువు అని ఒకడుంటాడు: చాకిరీ అంతా విచారణ గురువుది, హక్కు మాత్రం ఏటేటా వచ్చే ఒక కాగితం. ఫాదర్ పదకొండేళ్లుగా నిర్వాహక గురువే. ఆ కాగితాలన్నీ ఫైల్లో పెట్టింది రిజిస్టరమ్మే.

అయినా "మా విచారణ గురువును పంపేయవద్దు" అని టైపు చేసి, రెండువందల పన్నెండు సంతకాలతో విన్నపం పంపింది. మూడో రోజుకే తిరిగొచ్చింది. అక్కడ విచారణ గురువే లేడు కనుక పంపేయడమన్న ప్రశ్న తలెత్తదని కార్యదర్శి రెండు వాక్యాల్లో తేల్చేశాడు.

ఆ రాత్రి ఆమె కంచం పక్కకు జరిపి ఆ జవాబు మొగుడికి చదివి వినిపించింది.

"ఇంతకీ ఏమని రాయాల్సింది?" అన్నాడు దర్జీ పని చేసే మొగుడు.

"నిర్వాహక గురువని."

"హోటల్ మేనేజర్‌లా ఉందే!"

"నవ్వకండి. ఆ మాట అడ్డం పెట్టుకునే ఆయన చేత పెట్టె సర్దిస్తున్నారు."

మర్నాడు సంగతి విన్న ఫాదర్, "పోనీలేమ్మా. పిలుపు ఏదైతేనేం, పని చేశాం కదా" అన్నాడు.

"మీరు పుణ్యాత్ములు ఫాదర్, మీకేం! రేపొచ్చే ఆయన్నీ ఇలాగే ఏడాదికోసారి వణికిస్తారు."

ఆమె సంఘం నిబంధనల పుస్తకం తీసి మొదటినుంచి చదివింది. విచారణ గురువు స్థానం ఖాళీ అయితే ఏడాదిలోగా భర్తీ చేయాలని అందులో స్పష్టంగా ఉంది. పదకొండేళ్లు ఎందుకు చేయలేదు? ఈసారి విన్నపం బతిమాలలేదు, అదే ప్రశ్న అడిగింది. భర్తీ అయ్యేదాకా నిర్వాహక గురువును కదపవద్దంది.

మళ్లీ సంతకాలకు తిరిగితే బొత్తాల దుకాణం పిన్ని కాగితం తోసేసింది.

"నా మొగుడికి చివరి ప్రార్థన చేసి సాగనంపిన ఫాదర్‌ను నిర్వాహకుడని రాసి గుమాస్తాను చేశావా?"

"పెద్దపేరు రాసి ఒకసారి చెడగొట్టాను పిన్నీ."

"నువ్వు చెడగొట్టినదానికి నేను సంతకం పెట్టాలా?"

"పెట్టాలి పిన్నీ."

"సిగ్గులేకుండా ఒప్పుకుంటోంది చూడు!" అంటూనే పిన్ని కాగితం చిరిగేంత ఒత్తి సంతకం పెట్టింది.

బిషప్ కార్యాలయంలో కార్యదర్శి, "అక్కడ పెట్టి వెళ్లండి" అన్నాడు.

"అందినట్టు ముద్ర వేయండి."

"నమ్మకం లేదా?"

"ఉందండీ. ముద్ర కూడా కావాలి."

రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి వేశాడు. పదోరోజున జవాబొచ్చింది: ఉత్తర్వు నిలిపివేశారు, స్థానం భర్తీ చేస్తారు, అర్హులు స్వయంగా దరఖాస్తు చేసుకోవాలి.

స్వయంగా! పదకొండేళ్లలో తనకోసం ఏదీ అడిగి ఎరగని మనిషి.

"ఇది నావల్ల కాదమ్మా. పదవి కోసం చెయ్యి చాపినట్టుంటుంది" అన్నాడు ఫాదర్.

"మీకోసం రెండువందల పన్నెండు మంది రెండుసార్లు చాపారు."

దరఖాస్తు ఆయన ముందు పరిచి, ఆమె కుర్చీలో కూర్చోకుండా నిలబడింది. ఆయన కిటికీవైపు చూశాడు, కళ్లద్దాలు తుడిచాడు, మళ్లీ తుడిచాడు. ఆమె కదల్లేదు.

"ప్రస్తుత హోదా అని అడిగారు. ఏం రాయను?"

"ఉన్నదే రాయండి ఫాదర్. ఒక్క అక్షరం ఎక్కువ వద్దు."

ఆయన రాయడం మొదలుపెట్టాడు.