చివరి గడిలో రాసిన మాట

మొన్న మా చెల్లెలి కూతుర్ని తార్నాకలో మా వీధి చివరున్న హెల్త్ సెంటరుకి తీసుకెళ్లాను. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న పిల్ల, ఇప్పుడు ఐదో నెల. అక్కడి నర్సు ట్యాబ్‌లో వివరాలు ఎక్కించుకుంటూ భర్త పేరు అడిగి, ఆయన రాలేదేమని అడిగింది. మా పిల్ల "ఊళ్ల లేడు, ఢిల్లీ పోయిండు" అంటుండగానే నా నోట్లోంచి "అది రాయకు బిడ్డా" అన్న మాట వచ్చేసింది. ఇద్దరూ నావైపు వింతగా చూశారు. "రాస్తే ఏమైతది పెద్దమ్మా?" అని మా పిల్ల నవ్వింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను గోదావరి ఒడ్డున అడవి ఊళ్లకు ఏ.ఎన్.ఎం.గా వేశారు. ఆ రోజుల్లో అటువైపు పనిచేసినవారికి నేను వేరే చెప్పనక్కర్లేదు. ఒక పక్క అన్నలు, ఒక పక్క పోలీసులు, మధ్యలో టీకాల డబ్బా భుజాన వేసుకుని మేము. దారి పొడుగునా ఆ డబ్బా మూత తెరిపించేవారు, మందు వేడెక్కిపోతుందని మొత్తుకున్నా వినేవారు కాదు. అయినా నాకు ఆ పనంటే పిచ్చి ప్రేమ. నేను వెళ్లేసరికి గూడెంలో ఆడవాళ్లు చాప పరిచి ఉంచేవారు, ఒక ముసలమ్మైతే సూది తనకు కాకపోయినా కోడలి వెనక దాక్కునేది.

మా సెంటర్లోని పెద్ద సిస్టరు మహా నిక్కచ్చి మనిషి. నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకొచ్చే మగదిక్కు ఇంట్లో ఉన్నదీ లేనిదీ గర్భిణుల రిజిస్టరు చివరి గడిలో రాయమని నేర్పింది. లేకపోతే ఆ ఇంటిమీద మేమే ఓ కన్నేసి ఉంచాలి. ఎనిమిదో నెలలో ఉన్న ఒక అమ్మాయి వరసలో "భర్త ఊళ్లో లేడు" అని గుండ్రంగా రాశాను. అతను మిరప కోతలకు వెళ్లాడు. ఆ ముక్క మాత్రం రాయలేదు, గడి చిన్నది.

రెండు రోజులకు చెక్‌పోస్టులో పోలీసులు రిజిస్టరు లాక్కుని చదివారు. ఊళ్లో లేడంటే అన్నల్లో కలిశాడనుకున్నారు. ఆ అమ్మాయి మామగారిని తీసుకెళ్లి, రెండు రోజులుంచుకుని పంపారు. ఆ తర్వాత ఆయన నిటారుగా నడవలేదు.

మరుసటి బుధవారం నేను వెళితే చాప లేదు. ఆ అమ్మాయి ఒక్కతే గుమ్మంలో నిలబడి, "నీ పుస్తకంల నా పేరు కొట్టెయ్ సిస్టరమ్మా. మల్ల గిటు రాకు" అంది. కోపంగానైనా అనలేదు. ఎవరూ చదవలేకుండా సిరా ముద్దగా కొట్టేశాను. అంతటితో ఊరుకోక, సిగ్గుతో ఆ గూడేనికి వెళ్లడమే మానేశాను, ఇప్పటికీ నన్ను తినేసేది అదే.

మూడు వారాలకు కాన్పైంది. మాయ పడలేదు, రక్తం ఆగలేదు. రెండు మైళ్ల దూరంలో నేనున్నాను, నా అలమరలో సూదిమందు ఉంది, కబురు మాత్రం ఎవరూ పంపలేదు. తల్లి పోయిన మూడో రోజున బిడ్డా పోయింది. పుస్తకంలో పేరు లేదు కనుక ఆ నెల రిపోర్టులో తల్లుల మరణాల దగ్గర నా చేత్తోనే సున్నా పెట్టాను.

ఇప్పుడు ఆ గూడేనికి తారురోడ్డు పడిందట, అంబులెన్సు వెళుతుందట. ఇక్కడ మా పిల్ల భర్త ఊళ్లో లేడని నవ్వుతూ చెప్పగలుగుతోంది, అంతకన్నా ఏం కావాలి? దాన్ని డిపార్టుమెంటు దగ్గర దింపి, క్యాంపస్ దారిన నడిచి వస్తూ, ఆ అమ్మాయి పేరు ఒకసారి పైకి అనుకుందామని చూశాను. ఇన్నేళ్లూ గుర్తున్న పేరు, ఈమధ్య రావడం లేదు. ఎవరూ చదవలేకుండా కొట్టేశాను కదా, ఆఖరికి నేను కూడా.