చొక్కా జేబులోని రూలు కాగితం

ఓడిపోతే నాకు కోపం రాదు. నాకు తెలియనిదేదో ఎదుటివాళ్లకు తెలిస్తేనే వస్తుంది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. రైల్వే క్వార్టర్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా లైను చివరి క్లబ్బులో చదరంగమంటే నేనేనని ముప్పై ఏళ్లు నలుగురూ అన్నారు, నేనూ నమ్మాను. కొత్తగా వచ్చిన ఒక రకం చదరంగం ఆ గొప్పంతా తుడిచిపెట్టేసింది. అందులో వెనక వరుస కాయలను చీటీలు తీసి పేరుస్తారు. రాజు ఎక్కడో, ఏనుగు ఎక్కడో ఆ క్షణం దాకా తెలియదు. నేను కంఠతా పట్టిన మొదటి ఎత్తులన్నీ దండగ. పైగా మనిషికి పదిహేను నిమిషాలే.

పోయిన చలికాలం ఒక ఆదివారం మధ్యాహ్నం, క్లబ్బు పోటీ ఆఖరి ఆటలో నా ఎదుట కూర్చున్నది మా వెనక లైను పిల్ల. తొమ్మిదో తరగతి చదువుతోంది. కూర్చునే ముందు నా కాళ్లకు దణ్ణం పెట్టి, "టీ తాగినారా తాతగారూ?" అని అడిగింది. పది ఎత్తులు తిరక్కుండానే నా కాయలు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

అప్పుడు ఆ పిల్ల పక్కపక్కనే ఉన్న తన రాజునూ ఏనుగునూ ఒకదాని గడిలోకి ఒకటి మార్చి, గడియారం నొక్కింది.

"ఏటమ్మా ఇది? కాయలు అటూ ఇటూ మార్సేస్తే ఆటైపోద్దా?" అని గట్టిగానే అరిచాను.

"క్యాస్లింగు తాతగారూ, రాజు కోట కట్టుకోడం. ఈ ఆటలో ఇలాగే సెయ్యాల. రూల్లో ఉంది."

రిఫరీ వచ్చి గడియారం ఆపాడు. ఒకప్పుడు నా దగ్గరే ఆట నేర్చుకున్నవాడు. సరిగ్గా అప్పుడే నాకు గుర్తొచ్చింది. ఆ పొద్దున కళ్లజోడు పెట్టుకుని రూలు కాగితం చదివాను. రాజు కోట కట్టుకునే చోట ఒక వాక్యం అర్థంకాక, ఇంట్లో బల్ల మీద కాయలు పెట్టి చూసుకున్నాను కూడా. ఆ పిల్ల చేసినట్టే రెండూ చోట్లు మారాయి. ఆ కాగితం నాలుగు మడతలతో నా చొక్కా జేబులోనే ఉంది.

"మీరేటంటారు గురువుగారూ?" అన్నాడు రిఫరీ. అలాంటి కాగితమే గోడకు అంటించి ఉంది. అతను అటు తల కూడా తిప్పలేదు.

"నాకు తెలిసినంతలో సెల్లదు" అన్నాను.

"మీరు సెప్పినాక మరేటి సూస్తాం! అమ్మా, ముందు రాజును ముట్టుకున్నావు కదా, రాజునే కదపాల."

ఆ పిల్ల కాయలు వెనక్కి పెట్టి, రాజును ఒక్క గడి జరిపింది. దాంతో ఆ రాజుకు కాపు లేకుండా పోయింది. ఎనిమిది ఎత్తుల్లో ఆట ముగిసింది. పక్కనున్న ఖరిదా పేట నుంచి వచ్చిన బెంగాలీ పెద్దమనిషి "దారుణ్ ఖేలా, దాదా!" అని, బ్రహ్మాండంగా ఆడానంటూ వీపు తట్టాడు. కప్పు పుచ్చుకున్నాను. నవ్వాను కూడా. ఇంటికొచ్చి దాన్ని బీరువా మీద కంటికి కనబడనంత వెనక్కి తోశాను.

ఆ పిల్ల ఇంటివాళ్లు దెబ్బలాటకొస్తారేమోనని మూడు రోజులు చూశాను. వచ్చి ఉంటే బాగుండేది. నాలుగో రోజు సాయంత్రం ఆ పిల్ల ఒక్కతే ఫోను పట్టుకుని వచ్చింది.

"ఇందులో ఈ ఆటే ఆడినాను తాతగారూ. ఇదీ రాజునీ ఏనుగునీ అలాగే మారుస్తంది. ఫోనుది తప్పా?"

నన్ను కాదని ఫోనును తప్పు పడుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఫోనుది తప్పు కాదమ్మా. నీదీ కాదు. ఆవేళ నువ్వు సేసిందే రైటు" అన్నాను. ఆ మాత్రం చెప్పినందుకే నా మీద నాకు కాస్త గౌరవం కలిగింది. ఎంత నీచం!

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. "మరి ఆవేళ మీకు తెలవదా?"

"తెలవదమ్మా."

దాని మొహం విప్పారింది. "నేనూ అదే సెప్పినాను! తెలిసే అన్నారని అమ్మ అంది. దెబ్బలాడి, రెండ్రోజులు అమ్మతో మాటాడ్డం మానేసినాను."

మర్నాడు పొద్దున్నే వాళ్లమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను బాబూ. ఏటీ అనుకోకండి" అంది తల దించుకుని.

"పర్వాలేదులే అమ్మా" అన్నాను.