తమ్ముడి పేరు మీద కనెక్షన్

మా వీధి మలుపులో ఒక కళ్లజోళ్ల షాపు ఉండేది. ముందు గదిలో ఫ్రేములూ, గోడకు అక్షరాల అట్టా, బల్ల వెనక యజమానీ. వెనక గదిలో అద్దాలు సానపట్టే మిషను, దాని మీదికి వంగి కూర్చున్న ఒక మనిషి. అతన్ని వీధంతా అద్దాలాయన అనేది. ఎవరు ఎదురుపడినా అతను ముందు మొహం చూడడు, ముక్కు చూస్తాడు, జోడు జారుతోందేమోనని. "నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా ఈయన చూసింది నా ముక్కే. నాకసలు జోడే లేదు, అయినా చూశారు" అని బట్టల షాపులో పనిచేసే అతని భార్య అందరికీ చెప్పి నవ్వేది.

అద్దాలాయనకి తల్లీ తండ్రీ అన్నీ అన్నయ్యే. కన్నవాళ్లు బస్సు ప్రమాదంలో పోయేనాటికి ఇతనింకా స్కూల్లో చదువుతున్నాడు. అన్నయ్య కాలేజీ మానేసి, ఒక బడిలో లెక్కలు చెప్పే పనికి కుదిరి, తమ్ముణ్ణి పెంచారు. వంట చేతకాని ఆ మొదటి రోజుల్లో గిన్నె అడుగున మాడినదంతా తను తిని, పైన తెల్లగా ఉన్నది తమ్ముడికి పెట్టేవారు. "నీ చేతికి తొందర లేదురా చిన్నోడా" అని ఈ సానపట్టే పనిలో చేర్పించిందీ ఆయనే. సాయంత్రాలు బడి పిల్లలకి చదరంగం నేర్పేవారు. అందుకని ఆయన చదరంగం మాస్టారయ్యారు. ఆలస్యంగా పెళ్లి చేసుకున్నారు. ఆవిడ తొందరగా పోయింది. పిల్లల్లేరు. బడికి దగ్గర్లో ఒక గదిలో ఒక్కరే ఉండేవారు.

తర్వాత మోకాళ్లు మొరాయించాయి. బడి మెట్లెక్కడం ఆయన వల్ల కాలేదు. పని మానుకున్నారు.

ఒక ఆదివారం మాస్టారు ఆటోలో తమ్ముడింటికి వచ్చారు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. అందులో నీళ్లు లేవు.

"ఒరేయ్ చిన్నోడా, నిన్నొకటి అడగాలి."

"అడుగు అన్నయ్యా."

"ఇప్పుడు పిల్లలకి ఇంటర్నెట్లో చదరంగం నేర్పుతున్నారట. నా దగ్గర నేర్చుకున్నవాళ్ల తల్లిదండ్రులు కొందరు అడిగారు. పాత కంప్యూటరు ఒకటి సంపాదించాను. కనెక్షన్ కోసం వెళ్తే ఏదో స్కోరు చూసి, నాకివ్వాలంటే పెద్ద డిపాజిట్ కట్టమన్నారు. ఆ స్నేహితుడి లోనుకి హామీ సంతకం పెట్టాను చూడు, అది ఇంకా నన్ను వదల్లేదు." ఖాళీ గ్లాసు మళ్లీ కింద పెట్టారు. "నీ పేరు మీద తీసుకుంటే... నెలనెలా నేనే కడతాను. మెసేజీలు కూడా నా నంబరుకే రావాలి. ఏదీ నీ దాకా రాకూడదు."

పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య తనని ఒకటి కావాలని అడగడం అదే మొదటిసారి. అద్దాలాయనకి కళ్లు చెమర్చాయి.

"అడగాలా అన్నయ్యా! రేపే వెళ్దాం."

మాస్టారు వెళ్లాక భార్య అంది: "బావగారు అడిగితే చందమామని కూడా మీ పేరు మీద రాయించేస్తారు మీరు." అంటూనే, మర్నాడు అతను వేసుకెళ్లే చొక్కా ఇస్త్రీ చేసిపెట్టింది.

కంపెనీ కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటర్లో ఏవో నొక్కింది. "మీ క్రెడిట్ స్కోరు ఒకసారి చూస్తాం సార్" అంది. చూసింది. "చాలా బాగుంది. డిపాజిట్ అక్కర్లేదు." అద్దాలాయన అన్నయ్య వైపు చూశాడు, బడిలో మార్కులు చూపించిన పిల్లాడిలా. మాస్టారు అతని వీపు తట్టారు. సంతకం తమ్ముడిది, చిరునామా, ఫోన్ నంబరు అన్నయ్యవి.

మొదటి పాఠం చూడటానికి అద్దాలాయన వెళ్లాడు. బీరువా మీద తెల్ల డబ్బా, దానికి పచ్చ దీపాలు. కంప్యూటరు తెర మీద గళ్లు గళ్లుగా పిల్లల మొహాలు. మాస్టారు పైన మడత నలగని చొక్కా, కింద మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన పైజామాతో కూర్చున్నారు. "వాళ్లకి నడుము దాకానే కనిపిస్తానురా, మిగతాది ఎవడిక్కావాలి" అని తమ్ముడికి మాత్రమే వినపడేలా అన్నారు. తర్వాత తెర వైపు తిరిగి, "ఏమర్రా, గుర్రం ఎలా దూకుతుందో ఎవరు చెప్తారు?" అంటే గళ్లన్నీ ఒక్కసారిగా అరిచాయి. వదిన పోయాక అన్నయ్య గొంతులో ఆ హుషారు వినడం అదే మొదటిసారి.

కొన్నాళ్లు బాగానే సాగింది. మాస్టారు నెలనెలా కర్ర పట్టుకుని వెళ్లి బిల్లు కట్టి వచ్చేవారు. తర్వాత పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. పరీక్షలన్నారు ఒకరు, ఈత క్లాసులన్నారు ఇంకొకరు. చివరికి ఒక్క పాపే మిగిలింది. ఆ పాప కూడా ఒక రోజు, "మాస్టారూ, మా అమ్మ వేరే క్లాసులో చేర్పించింది, అక్కడ బొమ్మలు కదుల్తాయి" అని చెప్పి చెయ్యి ఊపి తెర మీంచి మాయమైపోయింది.

మాస్టారు కంపెనీకి ఫోన్ చేసి కనెక్షన్ తీసేయమన్నారు. సంతకం పెట్టినాయన స్వయంగా రావాలి, డబ్బా తెచ్చివ్వాలి అన్నారు వాళ్లు. అంటే తమ్ముడికి చెప్పాలి. పిల్లలంతా వెళ్లిపోయారని చెప్పాలి. ఆ ఒక్క మాటకే ఆయనకి నోరు పెగల్లేదు. పండక్కి కొత్త బట్టలు కొనుక్కున్న వాడిలా తమ్ముడు ప్రతివారం అడిగేవాడు: "పిల్లలెలా ఉన్నారన్నయ్యా?" ఆయన "ఉన్నార్రా, ఎదుగుతున్నారు" అనేవారు. పాఠాల్లేని ఇంటికి బిల్లు కట్టడానికి ఉన్న పెన్షన్ చాలలేదు. కట్టడం మానేశారు. లైను కోసేశారు. మెసేజీలు వచ్చాయి, తర్వాత వసూలువాళ్ల ఫోన్లు వచ్చాయి. అన్నీ ఆయన నంబరుకే. వచ్చే నెల ఎలాగో సర్దేద్దామని ఆయన ప్రతి నెలా అనుకున్నారు. బ్యాంకు అప్పయితే పేరు చెడుతుందని తెలుసు గానీ, ఇంటర్నెట్ బిల్లుకి తమ్ముడి పేరుకి ఏమవుతుందో ఆయనకి తెలీదు. లైను కోశారు కాబట్టి కథ అక్కడితో ఆగుతుందనుకున్నారు.

ఆ సమయంలోనే షాపు యజమాని అద్దాలాయన్ని ముందు గదిలోకి పిలిచాడు.

"నా వల్ల కావట్లేదయ్యా. మా చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతాను. షాపు నువ్వే తీసుకో. బయటివాడికిచ్చే రేటు కాదు నీకు. బ్యాంకులో లోను పెట్టుకో."

ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాలు షాపు మూసేదాకా ఆగి, బయట నిలబడి బోర్డు వైపు చూస్తూ ఉండిపోయారట. "రంగు మార్చాలి" అంది ఆవిడ. "ఏ రంగు?" అన్నాడితను. ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికి వెళ్లారు.

బ్యాంకులో మేడమ్ మర్యాదస్తురాలు. కాగితాలన్నీ చూసి తలాడించింది. కంప్యూటర్లో చూసి ఆగిపోయింది.

"మీ స్కోరు బాగా పడిపోయిందండీ. ఇంటర్నెట్ కనెక్షన్ ఒకటి బాకీ పెట్టి వదిలేశారు. వసూలుకి వెళ్లింది."

అద్దాలాయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చున్న కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"నా సొంత ఫోన్ బిల్లు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు మేడమ్. అది కూడా ఉంటుంది కదా అందులో?"

"చాలా కంపెనీలు సక్రమంగా కట్టేవాళ్ల సంగతి పంపవండీ. కట్టకుండా వదిలేసి, వసూలుదాకా వెళ్తేనే ఇక్కడికొస్తుంది."

"అంటే సరిగ్గా ఉన్నన్నాళ్లూ నేనెవరో మీకు తెలీదన్నమాట."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "ఇది మీరు వాడిన కనెక్షనేనా? మీ పేరు ఇంకెవరైనా వాడుకుని ఉంటే చెప్పండి. ఫిర్యాదు చెయ్యొచ్చు, విచారణ చేస్తారు."

విచారణ అంటే అన్నయ్య గుమ్మం ముందు ఎవరో నిలబడటం. అద్దాలాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నాదే మేడమ్. నేనే సంతకం పెట్టాను."

బాకీ కట్టేసినా మచ్చ వెంటనే పోదని, కొన్నాళ్లాగి మళ్లీ రమ్మని ఆవిడ చెప్పింది. యజమాని పాపం ఆగగలిగినన్నాళ్లు ఆగాడు. చెల్లెలు రమ్మని పోరు పెడుతుంటే షాపు ఇంకొకరికి ఇచ్చేశాడు. వాళ్లకి సానపట్టే మిషను అక్కర్లేదు. అద్దాలు ఫ్యాక్టరీ నుంచి తయారై వస్తాయి.

కనెక్షన్ మూయించాలంటే డబ్బా కావాలి. అద్దాలాయన అన్నయ్య గదికి వెళ్లాడు. దారంతా ఒక అబద్ధం కూర్చుకున్నాడు.

"కంపెనీవాళ్లు కొత్త డబ్బాలు ఇస్తున్నారట అన్నయ్యా. పాతది తెచ్చేయమన్నారు."

మాస్టారు అతని కళ్లలోకి చూడలేదు. బీరువా తెరిచారు. డబ్బా అప్పటికే లోపల ఉంది, తీగ చుట్టి, గుడ్డలో మూటకట్టి. "నేనూ అదే అనుకున్నాన్రా" అన్నారు. మూట చేతులు మారింది. ఇద్దరూ కాసేపు వాన గురించి మాట్లాడుకున్నారు. బయట వాన లేదు.

బాకీ కట్టేసి, డబ్బా ఇచ్చేసి, ఇక ఈ సంగతి తనతోనే పోతుందనుకున్నాడు అద్దాలాయన. భార్య చేత కూడా ఒట్టు వేయించుకున్నాడు. ఆవిడ మాట తప్పలేదు. ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకుని, "బోర్డుకి నీలం రంగు బాగుండేది" అని మాత్రం అంది.

కానీ మాస్టారి కళ్లజోడు కాడ విరిగింది. బాగు చేయించుకోవడానికి ఆటో ఎక్కి షాపుకి వచ్చారు. లోపల సామాను మూటలు కడుతున్న యజమాని ఆయన్ని చూసి బాధపడ్డాడు. "మీవాడికే ఇద్దామనుకున్నా మాస్టారూ. బ్యాంకువాళ్లు ఇవ్వలేదట. ఏదో ఇంటర్నెట్ బిల్లు ఎగ్గొట్టాడని వాళ్ల లెక్కలో పడిందట. మీవాడు బిల్లు ఎగ్గొట్టడమేమిటి, మీరే చెప్పండి!" అతనికి పాపం ఏమీ తెలీదు. మాస్టారు విరిగిన జోడు జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

తర్వాతి ఆదివారం అద్దాలాయన వెళ్లేసరికి మాస్టారు లేచి నిలబడ్డారు. మోకాళ్లు వణుకుతున్నా నిలబడ్డారు.

"రండి. కూర్చోండి."

అద్దాలాయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు.

"ఏంటన్నయ్యా, ఎవర్ని రమ్మంటున్నావ్?"

"మిమ్మల్నే. మంచినీళ్లు తీసుకుంటారా?"

"అన్నయ్యా! నేను. చిన్నోణ్ణి."

"తెలుసు. మీకు చాలా అన్యాయం చేశాను." ఆయన గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. అప్పిచ్చినవాడి ముందు మాట్లాడే మనిషి గొంతు అది.

అద్దాలాయన ఆయన కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. షాపు పోతే పోయిందన్నాడు. నువ్వు తిన్న మాడు అన్నం ముందు అదెంత అన్నాడు. ఒక్కసారి ఒరేయ్ అను అని బతిమాలాడు. తిట్టు, కొట్టు, ఆ 'మీరు' అనడం మాత్రం వద్దన్నాడు. మాస్టారు అతని తల మీద చెయ్యి వేశారు. "లేవండి, నేల చల్లగా ఉంది" అన్నారు.

ఆ తర్వాత అద్దాలాయన ఒక్క వారం కూడా మానలేదు. మాస్టారు ప్రతిసారీ లేచి నిలబడేవారు. ఆయన్ని నిలబెట్టడం ఇష్టంలేక ఇతను గుమ్మం బయట మెట్టు మీదే కూర్చుని మాట్లాడి వచ్చేసేవాడు. ఒకసారి భార్య వెళ్లి, "బావగారూ, ఈయన అన్నం తినట్లేదండీ. ఒక్క మాటే కదా" అని అడిగింది. మాస్టారు "నోరు రావట్లేదమ్మా. ప్రయత్నించాను" అన్నారు. అది నిజమేనని, ఆయన పెదాలు కదిలి ఆగిపోవడం తను చూశానని ఆవిడ నాతో చెప్పింది.

చలికాలంలో మాస్టారికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆసుపత్రిలో అద్దాలాయన మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మాస్టారు తెలివిలో ఉన్నంతసేపూ, "మీరు వెళ్లి కాస్త పడుకోండి" అంటూనే ఉన్నారు. పోయే ముందు జ్వరం తీవ్రతలో ఎవరెవరినో పిలిచారు. భార్యని పిలిచారు, అమ్మని పిలిచారు, గుర్రం ఎలా దూకుతుందో చెప్పమని ఏవో పిల్లల పేర్లు పిలిచారు. అద్దాలాయన మంచం మీదికి వంగి, చెవి ఆయన నోటి దగ్గర పెట్టి, తెల్లారేదాకా విన్నాడు. తను వినాలనుకున్నది అందులో లేదు.

ఇప్పుడతను అద్దాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. రెండు బస్సులు మారి వెళ్లాలి. అక్కడ కోసేదీ సానపట్టేదీ మిషనే. ఇతను గీతలు పడ్డవాటిని ఏరి పక్కన పెడతాడు. ఈమధ్య బ్యాంకు మేడమ్ తనంతట తానే ఫోన్ చేసిందట, స్కోరు బాగుపడింది, ఇప్పుడు లోను వస్తుంది, షాపు పెట్టుకుంటారా అని. వద్దని చెప్పి, గుర్తుపెట్టుకున్నందుకు థాంక్స్ చెప్పాడట.

మొన్న బస్టాపులో నేను ఆ సంగతే అడిగాను, ఎందుకు వద్దన్నావని.

"అన్నయ్యకి నామీద కోపం వచ్చుంటే బాగుండేదండీ. కోపమైతే ఎప్పటికో తగ్గేది" అన్నాడు.

నేనడిగినదానికి అది జవాబు కాదు. మళ్లీ అడగబుద్ధి కాలేదు. బస్సొచ్చింది, జనం తోసుకుంటున్నారు. అతను అందర్నీ ముందు ఎక్కనిచ్చి, చివర్లో ఎక్కి, ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడ్డాడు.