లేని నీళ్లు దిగేదాక

దయ్యాలు, భూతాలు అంటే నాకు చిన్నప్పటి సంది నవ్వే. మా ఊర్ల మూడుబాటల కాడ దిష్టి తీసి పెట్టిన కోడిగుడ్లు ఏరుకొచ్చి ఉడకబెట్టుకొని తిన్నోన్ని నేను. మా అవ్వ నెత్తి నోరు కొట్టుకున్నది గని నాకు కడుపునొప్పి గూడ రాలే. అరవై దాటినయ్, ఇప్పటికీ ఒక తాయెత్తు కట్టుకోలే. ఎవలన్న దయ్యం ముచ్చట మొదలువెడితే సగంల లేచిపోత. గసుంటోన్ని ఈ ఒక్క ముచ్చట కడుపుల పెట్టుకొని ముప్పై ఏండ్లు తిరిగిన.

మాది కోరుట్ల దిక్కు పల్లె. ఎనబైల ఆఖర్ల టిప్పర్ డ్రైవర్ వీసా మీద ఒమాన్ పోయిన. మస్కట్‌ల దిగంగనే కంపెనీ బస్సు ఎక్కిచ్చి, నిజ్వా దాటిచ్చి, ఇంకా శానా దూరం తీస్కపోయి సముద్రం ఒడ్డున దించిండ్రు. ఆ ఊరి పేరు, ఆడున్న దీవి పేరు రాయ. ఆ మనుషుల పిల్లలు ఇంకా ఆడనే ఉన్నరు.

సముద్రాన్ని అదే మొదలు చూసుడు. ఒడ్డుకు కిలోమీటరు దూరంల చిన్న దీవి. పది పన్నెండు ఇండ్లు, ఇన్ని మేకలు, అవుతల చివరన పీనుగలను పాతిపెట్టే బొందలగడ్డ. రోజుకు రెండుసార్లు సముద్రం ఎనుకకు జరుగుతది. అప్పుడు నడుమల ఇసుక తేలుతది, ఊరోళ్లు నడిచి దాటుతరు. మల్ల నీళ్లు ఎక్కితే పడవనే దిక్కు.

ఆ నడుమున్న సముద్రాన్ని పూడ్సుడే మా కంపెనీ పని. దీవిని, ఒడ్డును కలిపి, చదును చేసి, దాని మీద పెద్ద ఎయిర్‌పోర్టు కట్టాలెనట. చెరువుల పూడిక తీసుడు చూసిన గని, సముద్రాన్ని పూడ్సుడు ఏందిరా, వీళ్లకు తిన్నది అరుగుతలేదా అనుకున్న. రెండేండ్లు కొండ తవ్వుడు, టిప్పర్ నింపుడు, నీళ్లల్ల గుమ్మరిచ్చుడు. దీవి మీది ఇండ్లు ఖాళీ చేపిచ్చి, సర్కారే ఆ దీవోళ్లకు ఒడ్డున సిమెంటు ఇండ్లు కట్టిచ్చింది. ఒకనాడు చూస్తే నీళ్లే లేవు. మనిషి ఎత్తుకు రెండింతల రాయి, మట్టి. దాని మీద రోలర్ తొక్కి తొక్కి గచ్చు లెక్క చేసింది. ఆడ చుక్క నీళ్లు లేవని నాకంటె బాగ ఎరుకున్నోడు దునియాల లేడు.

సయీద్ బాబా ఆ దీవి మనిషే. డెబ్బై ఏండ్లుంటయ్. చాపలు పట్టి పట్టి చేతులు తాళ్ల లెక్క అయినయ్. వయసుల ఉన్నప్పుడు కట్టెపడవల మీద బొంబాయి తిరిగిండు గనుక హిందీ మంచిగ మాట్లాడేటోడు. దీవి దిక్కు ఉన్న డీజిల్ ట్యాంకులకు కంపెనీ ఆయన్ను వాచ్‌మన్ పెట్టింది. ఇల్లు ఈ ఒడ్డున, డ్యూటీ ఆ ఒడ్డున.

గమ్మతేందంటే, నీళ్లు పోయి పది నెలలైనా ఆయన నీళ్లు దిగేదాక ఆగేటోడు. పాత ఒడ్డు కాడ ఒక రాయి మీద కూసుండేటోడు. ఎదురుంగ ఎండిన నేల. టిప్పర్లు దుబ్బ లేపుకుంట పోతుంటయ్. టైమ్ అయిందని ఆయనకే ఎట్లనో తెలిసేది. అప్పుడు లేచి, చెప్పులు చేతుల పట్టుకొని, తెల్ల అంగీ మోకాళ్ల దాక ఎత్తి, కాళ్లు మెల్లగ ఈడ్సుకుంట దాటేటోడు. నీళ్లు రోజూ ఇంచుమించు గంట ఆలస్యంగ దిగుతయ్ గద, ఆయన డ్యూటీ గూడ అట్లనే. ఇయ్యాల ఏడింటికి వస్తే రేపు ఎనిమిదింటికి. ఫోర్‌మన్ మొత్తుకునేటోడు. "టైమ్ నా చేతుల లేదు, దాని చేతుల ఉన్నది" అని నేల దిక్కు చూపెట్టేటోడు బాబా.

"బండెక్కు బాబా, రెండు నిమిషాలల్ల దింపుత" అని నేను ఎన్నిసార్లు పిలిచిన్నో. తల అడ్డంగ ఊపేటోడు. "తొవ్వ తెరుసుకోలే ఇంకా" అనేటోడు. నేను పగలవడి నవ్వేటోన్ని. ఆయన గూడ నవ్వేటోడు, కోపం అన్నదే లేదు ఆ మనిషికి.

నవ్వినా గని, డ్యూటీ దిగినంక పోయి ఆ రాయి పక్కన కూసునుడు నాకు అలవాటైంది. ఫ్లాస్కుల నుంచి కహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోసేటోడు. చేదుగ ఉంటది, దాంతోని ఖర్జూరం. బొంబాయి ట్రాములు, పెండ్లినాడు పడవల పెండ్లికొడుకై వస్తుంటే సముద్రంల పడ్డ ముచ్చట, అన్నీ చెప్పేటోడు. క్యాంపు రూమ్‌ల పన్నెండు మంచాలు, పన్నెండు మంది గురకలు. ఆ రాయి కాడ మాత్రం పానం తేటగ అయ్యేది. ఒమాన్ అంటే నాకు ఇప్పటికీ ఆ సాయంత్రాలే యాదికొస్తయ్. అసుంటి సోపతి మల్ల దొరకలే.

గప్పుడే నా బామ్మర్ది నర్సింలు వచ్చిండు. నా ఇల్లాలికి ఒక్కడే తమ్ముడు. వీసా నేనే మాట్లాడిన. మా అత్తమ్మ వాని చెయ్యి నా చేతుల పెట్టి, "నీ ఎంట తీస్కపోతున్నవ్, నీ ఎంటనే తీస్కరా కొడుకా" అన్నది. ఆ మాట నా నెత్తి మీద బండ లెక్క ఉండె. పనిల వాడు హుషారే గని నోరు ఊకోదు. క్యాంపుల అన్నం తిన్నంక లుంగీ మోకాళ్ల దాక ఎత్తి, చెప్పులు చేతుల పట్టుకొని, సయీద్ బాబా లెక్క కాళ్లు ఈడ్సుకుంట రూమ్ అంత తిరిగేటోడు. మేము కడుపులు పట్టుకొని నవ్వేటోళ్లం. బాబా ముంగట గూడ చేసిండొకసారి. బాబా చూసి, "కాలు ఇంకా కిందికి పెట్టాలె బేటా, నీళ్లు ముట్టుకోవాలె" అని నేర్పిచ్చిండు.

వాడు ఇటు వచ్చినంక ఇంటికాడ వాని పెండ్లాం బిడ్డను కన్నది. మూడు నెలలైనా బిడ్డ గొంతు గూడ ఇనలే. ఆ రోజులల్ల ఫోనంటె మాటలా? ఫలానా శుక్రవారం ఒమాన్ లెక్కల నాలుగు గంటలకు కోరుట్ల ఎస్టీడీ బూతు నుంచి చేస్తమని ఉత్తరం రాసిండ్రు. ఒడ్డున ఒక మలయాళీ ఆయన కిరాణ దుకాణం, ఆడ ఫోను ఉండె. వారం సంది వానికి నిద్ర లేదు. "బిడ్డ ఏడుస్తది గద బావా, ఫోన్‌ల ఏడిపియ్యమని రాసిన" అనేటోడు.

ఆ శుక్రవారం వానికి దీవి దిక్కు జనరేటర్ కాడ ఓవర్‌టైమ్ పడ్డది. మూడు గంటలకు కంపెనీ పికప్ బండి వచ్చి తీస్కపోవాలె. నేను ముందుగాలనే పోయి, వేరేటోళ్లు లైను పట్టకుంట దుకాణం ముంగట కావలి కూసున్న. ఆడికెల్లి చూస్తే పూడ్సిన నేలంత కనవడుతది. శుక్రవారం గనుక టిప్పర్లు లేవు, మనిషి లేడు. ఎండ మండిపోతున్నది. ఎండమావులు నీళ్ల లెక్క కదులుతున్నయ్.

పికప్ రాలే. తర్వాత నర్సింలు చెప్పింది ఇది: నడిచి పోత అని వాడు బయలెల్లిండు. ఆడ్నే డ్యూటీల ఉన్న బాబా వాని చెయ్యి పట్టుకున్నడు. "ఆగు, నీళ్లున్నయ్ ఇంకా, గంటన్నర ఆగు" అన్నడు. "నా బిడ్డ ఫోన్‌ల ఏడుస్తది బాబా, గంటన్నర ఎట్ల ఆగుత" అని చెయ్యి గుంజుకొని ఉరికిండు.

నేను చూస్తున్న. వాడు సన్నగ కనవడ్డడు. సగం తొవ్వ వచ్చినంక లుంగీ ఎత్తిండు. కాళ్లు ఈడ్సుకుంట నడిచిండు. నేను నవ్విన. "చూడు, వీడు మల్ల బాబా యాక్టింగ్ చేస్తున్నడు" అని దుకాణపాయనకు గూడ చూపెట్టిన. చేతులు పైకి లేపిండు, ఇంకా నవ్విన. కూలవడ్డడు, లేచిండు, మల్ల కూలవడ్డడు. అప్పుడు గూడ నేను నవ్వుతనే ఉన్న. ఆ నవ్వు యాదికొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తది.

అవుతల దిక్కు నుంచి తెల్ల అంగీ ఉరుక్కుంట వచ్చుడు చూసినంక నాకు సోయి వచ్చింది. నీళ్లు దిగకముందు అడుగువెట్టని మనిషి ఉరుకుతున్నడు. నేను గూడ ఉరికిన.

నేను పోయేసరికి ఇద్దరూ నేల మీద పడి ఉన్నరు. బాబా చెయ్యి నర్సింలు అంగీ కాలర్ పట్టుకొని ఉన్నది, వేళ్లు ఒక్కొక్కటి ఇప్పదీసిన. ఇద్దరి బట్టలు నెత్తి నుంచి కాళ్ల దాక నానిపోయినయ్. చెమట కాదు, పిండితే కారుతున్నయ్. నర్సింలు నోట్ల నుంచి, ముక్కుల నుంచి నీళ్లు కక్కుతున్నడు. నా చెయ్యి నాకి చూసిన, ఉప్పు. వాళ్ల కింద నేల మాత్రం పొడి దుబ్బ. నా చెప్పులకు తడి లేదు. పూడ్సంగ మిగిలిన సముద్రం మాకు రెండు కిలోమీటర్ల అవుతల ఉన్నది.

దుకాణపాయన కారుల సర్కారు దవాఖానకు తీస్కపోయినం. డాక్టరమ్మ మన గుంటూరామె. ఎక్స్‌రే చూసి నా మీద గరం అయింది. "ఇద్దరి ఊపిరితిత్తుల్లోనూ నీళ్లున్నాయండీ. ఈత రానివాళ్లని సముద్రంలోకి ఎందుకు దింపారు? ఎక్కడ మునిగారు?" అని అడిగింది. నేనేం చెప్పాలె? రోడ్డు మీద అని చెప్పాల్నా? నర్సింలు మా ఊరి బావిల చాపపిల్ల లెక్క ఈదేటోడు.

ఫోను నాలుగింటికి సరిగ్గనే వచ్చిందట. దుకాణంల పని పిలగాడు ఎత్తిండట. ఒక పసిబిడ్డ ఏడుపు, ఆడోళ్ల మాటలు, వానికి తెల్వని భాష. లైను కట్టయ్యేదాక పట్టుకొని నిలవడ్డడట.

నర్సింలు రెండో రోజుకు లేచి కూసున్నడు. బాబాకు వయసు సహకరియ్యలే, జ్వరం పట్టుకున్నది, ఊపిరి అందలే. మూడో రోజు మేమిద్దరం పోయినం. నర్సింలు ఆయన కాళ్లు పట్టుకొని చిన్నపోరని లెక్క ఏడ్సిండు. బాబా మాస్కు పక్కకు జరిపి, "బచ్చీ కా ఆవాజ్ సునా?" అని అడిగిండు. బిడ్డ గొంతు ఇన్నవా అని. నర్సింలు నా దిక్కు చూసిండు. "సునా బాబా, ఖూబ్ రోయీ" అన్నడు, బాగ ఏడ్సింది అని. బాబా నవ్విండు. తెల్లారి పొద్దుగాల పోయిండు.

దీవి చివర బొందలగడ్డను కంపెనీ ముట్టలే, సుట్టూ కంచె ఏసి ఇడిసివెట్టింది. బాబాను ఆడికే తీస్కపోవాలె. పగటి నమాజ్ అయినంక పాడె ఎత్తుకొని ముప్పై నలభై మంది వచ్చిండ్రు. కంపెనీ బస్సు పెట్టింది. ఎవలూ ఎక్కలే. పాత ఒడ్డు కాడికి వచ్చి పాడె దించి, అందరు నేల మీద కూసున్నరు. ముసలోళ్లు, బాబాను చూసి నవ్విన జవాన్ పోరగాండ్లు, అందరు. నేను, నర్సింలు ఎనుక కూసున్నం. ఎండకు మాడు పగులుతున్నది. సైట్ ఇంజినీర్ కారుల వచ్చి ఒకసారి హారన్ కొట్టిండు. ఎవలూ ఎనుకకు మల్లి చూడలే. ఆయన దిగి, టోపీ తీసి, మా పక్కన నిలవడ్డడు.

గంటకు ఎక్కువనే అయింది. బాబా తమ్ముడు లేచి నేల దిక్కు కొద్దిసేపు చూసిండు. ఏదో ఒక్క మాట అన్నడు. అందరు లేచి చెప్పులు ఇడిసిండ్రు, అంగీలు మోకాళ్ల దాక ఎత్తిండ్రు, పాడె భుజాల మీదికి ఎత్తుకున్నరు. నర్సింలు లుంగీ ఎత్తిండు. నేను ప్యాంటు మడిచిన. సిగ్గనిపియ్యలే. కాళ్లు తడిసినయా అని నన్ను అడగకుండ్రి. ఆ కిలోమీటరు నేను కిందికి చూడలే.

ఆ యేడే నర్సింలును ఎంటవెట్టుకొని ఇంటికొచ్చిన. అత్తమ్మకు వాని చెయ్యి అప్పజెప్పిన. ఆ బిడ్డకు ఇప్పుడు ముప్పై దాటినయ్, ఇద్దరు పిల్లలు. ఈ ముచ్చట ఆమెకు తెల్వదు.

నేను దయ్యాలను ఇప్పటికీ నమ్మ. ఆడ నీళ్లు లేవు, పూడ్సినోన్ని నేనే, ఏ గుడి ముంగటనన్న ఒట్టు పెట్టి చెప్త. ఆ నీళ్లల్ల మునిగి సయీద్ బాబా నా బామ్మర్దిని బతికిచ్చి తాను పోయిండని గూడ గదే గుడి ముంగట ఒట్టు పెట్టి చెప్త. రెండూ ఎట్ల నిజమైనయో ముప్పై ఏండ్ల సంది నాకు సమజైతలేదు.