మామిడికొమ్మకు పుత్తూరు కట్టు

ఏడుకొండలవాడి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. మొన్న బస్సులో ఎవరో చెయ్యి విరిగినాయన పక్కన కూర్చుంటే, ఆయన పుత్తూరు కట్టు పసరు వాసనకు చిన్నప్పటి ఒక ఎండాకాలం గుర్తొచ్చింది.

నాయన ముద్దుగా పెంచుకునే మామిడిచెట్టు కొమ్మ పట్టుకుని ఊగి, నేనూ చెల్లీ దాన్ని విరగ్గొట్టాం. నాయన వచ్చేలోగా అతికించాలని ఆకుపసరు, గుడ్డుసొన పూసి, వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టాం. అంతలోనే ఆయన వచ్చేశాడు.

"ఏమైందే?"

"ఎముక ఇరిగింది నాయనా," అంది చెల్లి.

నాయన కట్టు తడిమి చూశాడు. "ఇంత వదులుగా కడితే యాడ అతుక్కుంటాదిరా? ఈడ పట్టుకో," అంటూ తనే బిగించాడు.

మరుసటేడు ఆ కొమ్మకు గుమ్మడికాయలంత మామిడికాయలు కాశాయి.

సరే, కాయల సంగతి నా కల్పన. కొమ్మ వారానికే ఎండిపోయింది. అయినా సెలవులు అయ్యేదాకా, మేం అడిగినప్పుడల్లా నాయన దానికి కట్టు మారుస్తూనే ఉన్నాడు.