పెర్సిస్ కడగని సీసా

పెర్సిస్‌కు కడగడమంటే పిచ్చి అని అందరూ అనుకుంటారు గానీ, నిజానికి ఆమె పిచ్చి అంతా కడగకుండా దాచడం మీదే. మెదక్ ఊరి చివర ఒక చిన్న పరిశోధన కేంద్రంలో పంతొమ్మిదేళ్లుగా గాజు సామాను కడుగుతోంది. సైంటిస్టులు ఖాళీ అని పడేసిన మందు సీసాలను మాత్రం ఆ రోజే కడగదు. మూత పెట్టి, ఐస్‌క్రీం డబ్బాలో వేసి, ఫ్రీజర్‌లో ఒక మూలకు తోసి, శనివారం దాకా ఆగి అప్పుడు కడుగుతుంది. అసలే ఆ ఫ్రీజర్‌లో చోటు చాలదు. పెద్దసారు రాజేందర్‌కు ఆ డబ్బా కంటబడితే ఒళ్లు మండేది.

"పెర్సిసమ్మా, గీ చెత్తంత ఎందుకు? ఏ రోజుది గా రోజే తీసెయ్యాలె" అని కిందటి నెల గట్టిగానే చెప్పాడు.

"సరే సార్" అంది పెర్సిస్. డబ్బాను తీసి కింది అరలో, ఐసు ప్యాకెట్ల వెనక పెట్టింది. అంతకు మించి ఏమీ మారలేదు.

ఈ మొండితనం తండ్రి గాబ్రియేలు నుంచి వచ్చింది. ఆయన పెద్ద చర్చిలో ఊడ్చేవాడు, గంట కొట్టేవాడు, యేసు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం నాడు గిన్నెలు సర్దేవాడు. తొమ్మిదేళ్లప్పుడు ఒక ఆదివారం, సాయం చేద్దామని పెర్సిస్ ఖాళీ అయిన ద్రాక్షరసం గిన్నె పట్టుకుని నల్లా దగ్గరికి పరుగెత్తింది. గాబ్రియేలు అడ్డం వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఖాళీ గాదు బిడ్డా. నీ కండ్లకు కనబడ్తలేదంతే."

చర్చి పాస్టరు అయ్యగారు ఆ గిన్నెలో నీళ్లు పోసి, అంచు దాకా తిప్పి, ఆ నీళ్లు తాగేశారు. చుక్క కూడా నేల మీద పడనివ్వలేదు. పదో తరగతితో పెర్సిస్ చదువు ఆగిపోయింది గానీ ఆ గిన్నె మాత్రం ఆమె మనసులోంచి పోలేదు.

ఇక మహతి సంగతి. రామాయంపేట నుంచి రోజూ బస్సులో వచ్చే పరిశోధక విద్యార్థిని. తెలివికి కొదవ లేదు, ఓపికకే కరువు. కాలేయం జబ్బు మీద పని చేస్తోంది. ఒక్క సీసా కోసం ఆరు నెలలు ఎదురుచూసింది.

"గంతగనం గా సీసల ఏమున్నది మేడం?" అని పెర్సిస్ ఒకనాడు అడిగింది.

"మన కణం మీద చెవి లెక్క ఒకటుంటదక్కా. 'ఇగ సచ్చిపో' అని కబురొస్తే, గా చెవితోని విని కణం దానంతట అదే సస్తది. గా చెవి ముక్కను ఒక కంపెనోళ్లు తయారు చేసి పంపుతున్నరు. కణాల నడుమ పోస్తే అదే కబురును పట్టుకుంటది, కణం దాక పోనియ్యది. కణం బతుకుతది."

"మా అత్త మాటలకు గసొంటిదొకటి తెప్పియ్యరాదుండ్రి" అంది పెర్సిస్.

సీసా గురువారం వచ్చింది. మహతి ఆత్రంగా మూత తీసింది. లోపల ఏమీ లేదు. పొడి లేదు, చుక్క లేదు. కోపంతో సీసాను, మూతను కడిగే ట్రేలోకి విసిరేసి, ఖాళీ సీసా పంపారని కంపెనీకి ఘాటుగా రాసింది. శుక్రవారం జవాబు వచ్చింది. పొడి కంటికి కనబడనంత కొంచెమే ఉంటుందట. దారిలో కుదుపులకు మూతకు అంటుకుంటుందట. అందుకే తెరిచే ముందు సీసాను మిషన్‌లో గిర్రున తిప్పాలట. ఆ ముక్క రాసిన కాగితం సీసా వచ్చిన పెట్టెలోనే మడత విప్పకుండా ఉంది.

మహతి సింకు దగ్గరికి పరుగెత్తింది. కడిగిన సామానంతా బోర్లించి ఉంది, తళతళలాడుతోంది. ఇంకో సీసా రావాలంటే మళ్లీ ఆరు నెలలు. ఆమె గడువు మూడు నెలల్లో అయిపోతుంది. స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది.

"నా చదువంత నీళ్లల్ల పోయిందక్కా."

వెనకే రాజేందర్ సారు నిలబడి ఉన్నాడు. డబ్బా బయటికి తీస్తే ఆయన మాట వినలేదని తేలిపోతుంది. ఏటేటా పెర్సిస్ కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టేది ఆయనే. అయినా ఆ పిల్ల ఏడుపు చూస్తూ నోరు మూసుకోవడం ఆమె వల్ల కాలేదు. ఫ్రీజర్ తెరిచి ఐసు ప్యాకెట్లు పక్కకు జరిపింది.

"సార్, తిట్టినా మంచిదే. నేను కడగలే."

సారు డబ్బాలోంచి మహతి సీసాను బయటికి తీశాడు. మూత పెట్టి ఉన్న ఆ సీసాను మిషన్‌లో తిప్పి, కొలిచిన నీళ్లు పోశాడు.

"మూత గూడ సార్. అంచు దాక తిప్పుండ్రి. మా చర్చిల అయ్యగారు గట్లనే తిప్పుతరు" అంది పెర్సిస్.

ఆయన ఒక్క క్షణం ఆమెను చూసి, నీళ్లను మెల్లగా మూత దాకా తిప్పాడు.

ఆ నీళ్లను ఒక పళ్లెంలోని కణాల మీద పోసి, ఇంకో పళ్లెం అలాగే ఉంచి, రెండింటికీ 'సచ్చిపో' కబురు పంపి సోమవారం దాకా ఆగాలన్నారు. ఆదివారం చర్చిలో పెర్సిస్ ఆ సీసా కోసం ప్రార్థన చేసింది. సీసా కోసం దేవుణ్ణి అడిగినదాన్ని నేనొక్కదాన్నేనేమో అనుకుని తనలో తనే నవ్వుకుంది.

సోమవారం మహతి మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తలేదు. చాలాసేపటికి, "అక్కా, జర ఇటు రాండ్రి" అంది.

పంతొమ్మిదేళ్లలో పెర్సిస్ ఆ గొట్టంలోకి ఒక్కసారి కూడా చూడలేదు, చూడమన్నవాళ్లూ లేరు. కొంగుకు చేతులు తుడుచుకుని వంగింది. మందు పోయని మొదటి పళ్లెంలో అంతా ముడుచుకుపోయిన నలుసులు. మందు పోసిన రెండో పళ్లెంలో ఒకదానికొకటి ఆనుకుని, నిండుగా, వెడల్పుగా పరుచుకున్న కణాలు.

"గివ్వి బతికినయా?"

"మస్తు బతికినయక్కా. సీసల మందంత భద్రంగనే ఉన్నది."

పెర్సిస్‌కు తండ్రి గుర్తొచ్చి దుఃఖం పొంగింది. ఆయన ఉంటే బాగుండునని అక్కడే కళ్లొత్తుకుంది. ఆ మధ్యాహ్నం ఐస్‌క్రీం డబ్బా పై అరకు వచ్చింది. దానికి చోటు చేసింది రాజేందర్ సారే.

సాయంత్రం బస్సుకు పోయే ముందు మహతి ఇంకో సీసాతో సింకు దగ్గరికి వచ్చింది. దాని పని అయిపోయింది, మూత మాత్రం బిగించి ఉంది. దాన్ని ట్రేలో వేయకుండా రెండు చేతులతో పెర్సిస్ ముందు పట్టుకుంది. పెర్సిస్ తడి చేతులు తుడుచుకుని, రెండు చేతులూ చాపి అందుకుంది.