రద్దయిన రెజిమెంటు తనిఖీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఉప్పల్‌లో మెట్రో పిల్లర్ కింద మల్లేశ్ చాయ్ బండి దగ్గర నేను చెప్పే కథల్లో దయ్యాలు బోలెడు. వాటిని పుట్టించేది నేనే కాబట్టి నాకు భయం ఎందుకుంటుంది? ఇది రాయడానికి వెనకాడింది కూడా అందుకే. నేను చెబితే ఎవరు నమ్ముతారు?

ముందు నా సంగతి. నేను రష్యా వైమానిక దళంలో ఒక డివిజన్‌ను నడిపాను.

సరే, నడపలేదు. అందులో అధికారిని కూడా కాదు. మన విమానదళంలో మెకానిక్‌గా ఉన్న రోజుల్లో, వాళ్ల విమానాల పని నేర్చుకోవడానికి పంపిన బృందంలో నేనొకణ్ణి. అప్పట్లో అది సోవియట్ దేశం. ఒక చలికాలమంతా ఆ డివిజన్‌కు చెందిన ఒక రెజిమెంటు హ్యాంగర్‌లో రెంచీలు తుడిచాను. విమానం ఎక్కింది పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ, అదీ ప్రయాణికుడిగా.

అక్కడ మాకు పని నేర్పినవాడు స్టెపాన్ అనే ముసలి మెకానిక్. విమానం నంబరు ఏదైతే అదే నంబరు దాని పెట్టెలోని ప్రతి పనిముట్టు మీదా చెక్కి ఉండేది. పెట్టెలో ఒక్కోదానికి దాని ఆకారంలోనే ఒక గుంట. విమానం కదిలే ముందు స్టెపాన్ పెట్టె తెరిపించి "గ్ద్యె క్ల్యూచ్?" అని గద్దించేవాడు. రెంచీ ఏదీ అని. రెంచీ అయినా, తాళంచెవి అయినా వాళ్లకు క్ల్యూచే. "నా మ్యెస్త్యె" అని మేం జవాబివ్వాలి. దాని చోటులోనే ఉంది అని. ఒక్క గుంట ఖాళీగా ఉన్నా, ఆ రెంచీ ఇంజనులో ఉండిపోయిందేమోనని విమానం కదలదు. పైలట్ ఎంత పెద్దవాడైనా దిగి నిలబడాల్సిందే.

ఈ రెంచీల సంగతి నేను ఇంట్లో గానీ చాయ్ బండి దగ్గర గానీ ఎన్నడూ చెప్పలేదు. చెబితే నా డివిజన్ కమాండర్ ఉద్యోగం ఊడిపోతుంది కదా.

పోయిన ఎండాకాలం, ఒక మధ్యాహ్నం. మల్లేశ్ గ్లాసులతో నా దళాన్ని బల్ల మీద నిలబెడుతున్నాను. నాలుగు గ్లాసులు, అంటే నాలుగు విమానాలు, ఒక జట్టు. అలాంటి జట్లు మూడో నాలుగో కలిస్తే స్క్వాడ్రన్. మూడు స్క్వాడ్రన్లు ఒక రెజిమెంటు. రెండు మూడు రెజిమెంట్లు కలిస్తే డివిజన్.

"తాతా, ఇంకో రెజిమెంట్ పెట్టినవనుకో, గిరాకీలకు దోసిట్ల పొయ్యాలె చాయ్" అన్నాడు మల్లేశ్.

పక్కనున్న ఆటో యాదగిరి ఊరుకుంటాడా? "గా డివిజన్ ఇప్పుడు ఏడుంది పెద్దాయనా? మన నాచారం మున్సిపాల్టి డివిజన్ లెక్క ఎలక్షన్లప్పుడే కనవడ్తదా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. యుద్ధకాలంలో పుట్టింది. విమానాలు మారాయి, స్థావరాలు మారాయి. దేశం ముక్కలయ్యాక కొన్ని రెజిమెంట్లను కలిపేశారు, కొన్నింటిని రద్దు చేశారు. తర్వాత అసలు రెజిమెంటు, డివిజన్ అనే పేర్లే తీసేసి వైమానిక స్థావరం అన్నారు. కొన్నేళ్లకు మళ్లీ పాత పేర్లే తెచ్చారు. మా డివిజన్ తిరిగొచ్చింది. నేను రెంచీలు తుడిచిన రెజిమెంటు మాత్రం రాలేదు. దాని జెండా మడిచింది మడిచినట్టే ఉండిపోయింది.

అప్పుడే మా అబ్బాయి సురేశ్ బైకు మీద వచ్చాడు. నాచారంలో వాడికి చిన్న లేత్ షెడ్డు ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. అందరి ముందూ నన్ను గట్టిగా పట్టుకున్నాడు.

"నాయినా, నువ్వు ఫోన్ చెయ్యకపోతే ఇయ్యాల నేను లేను."

జరిగింది ఇదీ. లేత్ మిషన్ మీద ముక్కను పట్టి గిరగిరా తిప్పే భాగాన్ని చక్ అంటారు. దాన్ని బిగించేది చక్ కీ, చేతిలో పట్టేంత ఇనుప తాళంచెవి. వాడు పని చేస్తుండగా కరెంటు పోయింది. ఆ పాత మిషన్‌కు స్విచ్ ఆపకపోతే కరెంటు రాగానే దానంతటదే తిరుగుతుంది. వాడు స్విచ్ మరిచాడు. ముక్క సరిచేద్దామని కీ చక్‌కు పెట్టి దాని మీదికి వంగాడు. అప్పుడు ఫోన్ మోగింది.

"నీ పేరే వచ్చింది. రేకుల కింద సిగ్నల్ రాదని కీ గట్లనే ఇడిసి బయటికొచ్చిన. గంతల కరెంటొచ్చింది. కీ ఎగిరిపొయి రేకుకు బొక్క వెట్టింది నాయినా. నేను నిలబడ్డ జాగకు ఎదురుంగ. మళ్ల నీకు చేస్తే స్విచ్ఛాఫ్ అంటున్నది."

అందరూ నా వైపు చూశారు. నేనేం చేశాను? "నాకు ముందే తెలిసిందిరా, గందుకే చేసిన" అన్నాను. అలవాటు.

నిజం ఏమిటంటే నా జేబులో ఫోనే లేదు.

సురేశ్‌తో కలిసి ఇంటికి వెళ్లి చూస్తే అది ఛార్జర్‌కు తగిలించి ఉంది, ఆగిపోయి ఉంది. "నువ్వు పోంగనే బందైంది. తర్వాత కరెంటే లేకపాయె" అంది మా ఆవిడ. మా ఇంటికీ వాడి షెడ్డుకూ ఒకటే కరెంటు లైను, ఒకటే కోత. ఆన్ చేసి చూశాం. సురేశ్ ఫోన్‌లో నా పేరుతో కాల్ వచ్చినట్టుంది. నా దాంట్లో పోయినట్టు లేదు.

వాడు మంచినీళ్లు తాగి మెల్లగా అడిగాడు.

"ఫోన్ల నువ్వు ఏం మాట్లాడినవో సమజ్ గాలే. గొంతు గూడ నీ లెక్క లేదు, జలుబు చేసిందేమో అనుకున్న. గదె క్లూచ్, గదె క్లూచ్ అని ఒకటే అడుగుడు. గంటే ఏంది?"

అది స్టెపాన్ అడిగే మాట, గ్ద్యె క్ల్యూచ్. ఆ మాటకు అర్థం చెప్పాలంటే రెంచీల సంగతి చెప్పాలి. మొత్తం చెప్పేశాను.

"గంటే నువ్వు ఇమానం నడపనే లేదా?"

"లేదురా."

వాడు నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. "నాకు పెండ్లైన కాడ్నించి ఎరుకే" అని మా ఆవిడ కొంగుతో వాడి మొహం తుడిచింది. నా కమాండర్ ఉద్యోగం అలా పోయింది. కొడుకు మాత్రం ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుని తిన్నాడు. ఆ పూట నాకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

స్టెపాన్ నాకన్నా చాలా పెద్దవాడు. ఇంకా ఉంటాడని అనుకోను. ఆ రెజిమెంటూ లేదు. ఆ ఫోన్ ఎలా వెళ్లిందో నాకు ఇప్పటికీ తెలియదు. దేనికైనా ఒక కారణం అల్లి చెప్పగలిగినవాణ్ణి, దీనికి మాత్రం నా దగ్గర ఒక్క అబద్ధం కూడా లేదు.

సురేశ్ మిషన్ పక్కన చెక్క పలక బిగించి, అందులో చక్ కీ ఆకారంలో ఒక గుంట చెక్కించాడు. ఒకరోజు పొద్దున చాయ్‌కి పోతూ షెడ్డు ముందు ఆగాను. వాడు స్విచ్ మీద చెయ్యి పెట్టి, ఓసారి గుంట వైపు చూసి, ఎవరూ లేని వైపు తిరిగి గట్టిగా అన్నాడు.

"జాగలనే ఉంది."

తర్వాతే మిషన్ తిరిగింది.